ముందు చరిత్ర పేజీ, ఆ తర్వాతే ‘మార్చు’: ఒక డిగ్రీ కాలేజీలో తెవికీ నేర్పిన సంగతి

పల్నాడు జిల్లాలో ఒక డిగ్రీ కాలేజీ. 2024 జూలైలో అక్కడి తెలుగు మేడం ఫోన్ చేసి, “పిల్లలకు వికీపీడియాలో రాయడం నేర్పుతారా సార్, ఒక్క రోజు చాలు” అన్నారు. నేను తెలుగు వికీపీడియాలో, అంటే తెవికీలో, పదేళ్లకు పైగా రాస్తున్నాను, అంతకుముందు ఇలాంటి వర్క్‌షాపులు నాలుగైదు చేశాను. సరేనన్నాను. ఒక్క రోజు చాలదని అప్పటికే నాకు తెలిసి ఉండాల్సింది.

ఆ కాలేజీలో చివరికి రెండు విడతలు నడిపాం. మొదటిది పైకి బ్రహ్మాండంగా జరిగింది, లోపల మాత్రం పూర్తిగా ఫెయిలైంది. రెండోది నత్తనడకన సాగి కొంత నిలిచింది. మధ్యలో ఏం మారిందో రాసిపెడితే, ఇలాంటి పని నెత్తికెత్తుకునే వికీపీడియన్లకూ లెక్చరర్లకూ పనికొస్తుందని ఇది రాస్తున్నాను.

మొదటి విడత: ఏడో మనిషి దగ్గర ఆగిపోయింది

34 మంది వచ్చారు. ల్యాబులో పనిచేసే కంప్యూటర్లు 20, మిగతావాళ్ల చేతుల్లో ఫోన్లు. నేను గంటసేపు స్లైడ్లు వేశాను. తెవికీ 2003 డిసెంబరులో మొదలైందనీ, వికీపీడియాకు ఐదు మూలస్తంభాలు (మూల సూత్రాలు) ఉన్నాయనీ, తటస్థ దృక్కోణం అంటే ఇదనీ చెప్పుకుంటూ పోయాను. పిల్లలు బుద్ధిగా విన్నారు. బుద్ధిగా వింటున్నారంటే ఏమీ ఎక్కడం లేదని అర్థమని ఇప్పుడు తెలుసు.

తర్వాత “అందరూ ఖాతా తెరవండి” అన్నాను. ఆరుగురికి తెరుచుకుంది. ఏడో అమ్మాయికి ఎర్ర రంగులో ఏదో మెసేజి వచ్చింది. ఎనిమిదో వాడికీ అదే. ఒకే ఐపీ అడ్రసు (నెట్‌లో కనెక్షన్‌ను గుర్తించే నంబరు) నుంచి రోజుకు ఆరు ఖాతాలకు మించి తెరవనివ్వదు వికీపీడియా. కాలేజీ మొత్తానికీ బయటికి వెళ్లే ఐపీ ఒక్కటే. ఈ రూలు నాకు కొత్తేం కాదు, కానీ ఆ రోజుకి మర్చిపోయాను. ఫోన్ డేటాతో ప్రయత్నించమంటే కొందరికి “ఈ ఐపీని నిరోధించాం” అని వచ్చింది. మొబైల్ నెట్‌వర్కుల్లో వేలమంది ఒకే ఐపీ పంచుకుంటారు కాబట్టి, ఎక్కడో ఎవరో చేసిన ఆకతాయి పనికి వీళ్లూ బలవుతారు. ముప్పావు గంట అందులోనే పోయింది. ముందుగానే ఆ ఐపీకి పరిమితి ఎత్తేయమని అడిగి ఉండొచ్చు, లేదా తెవికీ నిర్వాహకుల్లో (అదనపు అధికారాలున్న వాడుకరుల్లో) ఒకరిని ఆన్‌లైన్‌లో కూర్చోబెట్టుకుని ఖాతాలు తెరిపించుకోవచ్చు. నిర్వాహకులకు ఆ ఆరు లెక్క వర్తించదు.

ఖాతా దొరికినవాళ్లు పెట్టుకున్న పేర్లు చూసి తల పట్టుకున్నాను. ఐదుగురు హాల్‌టికెట్ నంబరు పెట్టారు. ఒకబ్బాయి ఏకంగా ఫోన్ నంబరే పెట్టేశాడు. వాడుకరి పేరు ప్రతి దిద్దుబాటు పక్కనా లోకమంతా చూసేలా ఉంటుందని నేను చెప్పలేదు, వాడికి తెలియదు. ఈమెయిలు ఇవ్వడం తప్పనిసరి కాదు కాబట్టి దాదాపు ఎవరూ ఇవ్వలేదు. వారం తర్వాత పాస్‌వర్డు మర్చిపోయిన వాళ్లకు ఆ ఖాతా ఇక పోయినట్టే.

మధ్యాహ్నం నా అసలు తప్పు చేశాను. “అందరూ ఒక కొత్త వ్యాసం మొదలుపెట్టండి, ఎక్కువ బైట్లు రాసినవాళ్లకు బహుమతి” అని ప్రకటించాను. బైట్లంటే రాసింది కంప్యూటరులో ఎంత చోటు తీసుకుందో చెప్పే కొలత. ఆ లెక్క డ్యాష్‌బోర్డులో (ఎవరు ఎంత రాశారో చూపే పేజీలో) తనంతట తనే వస్తుంది, నాకు పని తక్కువ. కానీ తెలుగులో బైటు అంటే ఏమిటి? యూనికోడులో మన ఒక్కో గుర్తుకు 3 బైట్లు పడుతుంది. ‘రాష్ట్ర’ అని రాస్తే చూడ్డానికి రెండక్షరాలు. గుణింతాలూ వత్తులూ విడదీస్తే ఏడు గుర్తులు, అంటే 21 బైట్లు. పిల్లలు పది వాక్యాలకే వేలల్లోకి వెళ్లిపోయి మురిసిపోయారు. బహుమతి గెలిచిన అబ్బాయి ఒక పత్రిక వెబ్‌సైటు నుంచి వ్యాసం మొత్తం ఎత్తి అతికించాడు. నేను ఆ రోజు చూసుకోలేదు. సర్టిఫికెట్లు ఇచ్చాం, గ్రూప్ ఫోటో దిగాం, టీ తాగాం. డ్యాష్‌బోర్డు కళకళలాడిపోయింది.

వారం తర్వాత

వాళ్లు మొదలుపెట్టిన కొత్త వ్యాసాలు తొమ్మిది. ఏడింటి నెత్తిన తొలగింపు మూస, అంటే ‘దీన్ని తీసెయ్యాలి’ అని ముందే తయారుచేసి పెట్టుకుని అతికించే పెట్టె. కాపీ కొట్టిన వ్యాసం అప్పటికే తీసేశారు, తీసెయ్యాల్సిందే కూడా. 34 మందిలో మళ్లీ లాగిన్ అయి ఒక్క దిద్దుబాటు చేసినవాళ్లు లేరు.

మేడంని అడిగి ఆరేడుగురికి ఫోన్ చేశాను. జవాబులు ఇంచుమించు ఒక్కటే. “నేను రాసింది పోయింది సార్, ఇంకెందుకు?” ఒకమ్మాయికి తన చర్చా పేజీలో (వాడుకరులు ఒకరికొకరు రాసుకునే చోట) ఎవరో రాశారన్న సంగతే తెలియదు. గంట గుర్తు మీద ఎర్ర చుక్క చూసింది గానీ యాప్‌లు పంపే నోటిఫికేషన్లకు అలవాటుపడి తుడిచేసింది. ఇంకొకరు స్వాగతం మూసను ప్రకటన అనుకున్నారు. నిజమే, రంగుల పెట్టె, పదిహేను లింకులు, అచ్చం ప్రకటనలాగే ఉంటుంది. ఒకబ్బాయి గొంతు తగ్గించి, “నామీద కంప్లైంట్ పెట్టారు సార్, కాలేజీకి లెటర్ వస్తుందా?” అని అడిగాడు. ‘ఈ వ్యాసాన్ని తొలగించాలని ప్రతిపాదించారు’ అన్న మాట వాడికి అలా వినబడింది. వారం రోజులు ఆ టెన్షన్‌తోనే ఉన్నాడట.

వర్క్‌షాపుల్లో మనం ఎడిట్ చెయ్యడం ఎలాగో నేర్పుతాం. అది కష్టమేమీ కాదు. డిగ్రీ సీటుకి ఫోన్‌లోనే వెబ్ ఆప్షన్లు పెట్టుకున్న పిల్లలకు ‘మార్చు’ నొక్కి ‘ప్రచురించు’ నొక్కడం ఒక లెక్కా? కష్టమల్లా తర్వాతే వస్తుంది. ముక్కూ మొహం తెలియనివాడు నువ్వు రాసింది కొట్టేస్తాడు. అది అవమానం కాదనీ, అక్కడ రోజూ అందరికీ జరిగేదేననీ, పోయింది అనుకున్నది పోలేదనీ తెలియకపోతే మనిషి అక్కడితో ఆగిపోతాడు. నాకు జరిగినప్పుడు నేనెందుకు ఆగలేదని ఆలోచించాను. నా అదృష్టం కొద్దీ ఒక పాత వికీపీడియన్ నా చర్చా పేజీలో రెండు వాక్యాలు రాశారు, మూసతో కాదు, మామూలు తెలుగులో.

రెండో విడత: మొదటి శనివారం ఎవరూ ఏమీ రాయలేదు

మళ్లీ వస్తానంటే మేడం ఆశ్చర్యపోయారు. ఈసారి నా షరతులు చెప్పాను. ఎనిమిది శనివారాలు, రోజుకు రెండు గంటలు. బైట్ల పోటీ లేదు. కొత్త వ్యాసాలు లేవు. సర్టిఫికెట్టు హాజరుకి తప్ప అంకెలకి ఇవ్వను. 19 మంది మిగిలారు. మొదటి విడత వాళ్లు అందులో నలుగురే.

వెళ్లేముందు తెవికీ రచ్చబండలో (అందరూ మాట్లాడుకునే పేజీలో) రాశాను: ఫలానా నెలల్లో ఫలానా కాలేజీ పిల్లలు గ్రామ వ్యాసాల్లో దిద్దుబాట్లు చేస్తారు, పేర్ల జాబితా ఇక్కడుంది, తప్పులుంటే రద్దు చెయ్యండి గానీ సారాంశంలో (మార్పు పక్కన రాసే చిన్న వివరణలో) ఒక ముక్క కారణం రాయండి, వీలైతే చర్చా పేజీలో రెండు మాటలు రాయండి. కొందరు సరేనన్నారు. ఒకరు మాత్రం, “ఇటీవలి మార్పుల్లో రోజూ ఎన్ని చూడాలో మీకూ తెలుసు, ప్రతిదానికీ ఉత్తరం రాయలేం కదా” అన్నారు. ఆయన మాట కాదనలేను. చూసేవాళ్లు తక్కువ, చూడాల్సింది ఎక్కువ.

మొదటి శనివారం ఖాతాలు తెరవలేదు. ఎవరి ఊరి వ్యాసం వాళ్లు తెరిచి చదవమన్నాను. తెవికీలో ఊళ్ల వ్యాసాలు వేలల్లో ఉన్నాయి. చాలా వాటిలో సమాచారం 2011 జనగణన పట్టికల నుంచి ఒకే అచ్చులో పోసి తెచ్చింది. మండల కేంద్రం ఎన్ని కిలోమీటర్లు, ఎన్ని ఇళ్లు, సమీప బాలబడి ఎక్కడ, అలా సాగుతుంది. ఒకమ్మాయి గట్టిగా చదివింది: “మురుగునీరు బహిరంగ కాలువల ద్వారా ప్రవహిస్తుంది.” ల్యాబంతా నవ్వు. “మా ఊరి గురించి రాయడానికి ఇంకేం దొరకలేదా సార్ వీళ్లకి?” పక్క అబ్బాయి తన ఊరి పేజీ చూసి, “మాదీ అంతే, అదే కాలవ” అన్నాడు. మళ్లీ నవ్వు.

నాకు కావాల్సింది ఆ కోపమే. “ఇది ఎవరు రాశారో చూద్దామా?” అని చరిత్ర పేజీ తెరిపించాను. ఫోన్లో వాళ్లకు అది కనబడలేదు. మొబైల్ పేజీలో అట్టడుగున ‘చివరి మార్పు’ అన్న గీత మీద నొక్కితే వస్తుంది. అక్కడ వ్యాసం పుట్టిన రోజు నుంచి వరుసగా పేర్లు, తేదీలు. రెండు కూర్పులు ఎంచుకుని తేడా చూపిస్తే ఏ మాట ఎవరు చేర్చారో, ఎవరు తీశారో రంగుల్లో తెలుస్తుంది. 2022 ఏప్రిల్ 4న పల్నాడు జిల్లా ఏర్పడ్డాక ఎవరో వచ్చి గుంటూరు జిల్లా అన్నచోట మార్చారు. ఒక ఊరి పేజీలో పైన మార్చారు, కింద ఒకచోట మర్చిపోయారు. దాన్ని పిల్లలే పట్టుకున్నారు. మార్చడానికి చేతులు దురదపెడుతున్నాయి, కానీ “వచ్చే వారం” అన్నాను.

చివరి అరగంటలో, ముందే అనుకున్న ప్రకారం, నా ప్రయోగశాల పేజీలో (ఏదైనా రాసి చూసుకునే చోట) ఒక పిచ్చి వాక్యం రాశాను: ఈ కాలేజీ క్యాంటీన్ దోసె ప్రపంచంలోకెల్లా మంచిది. హైదరాబాదులో ఉన్న మిత్రుడికి ఫోన్ కొట్టాను. ఆయన అక్కణ్నుంచి రద్దు చేశారు. ప్రొజెక్టర్ మీద పేజీ మళ్లీ తెరిస్తే వాక్యం లేదు. “పోయిందా?” అన్నాను. “పోయింది సార్.” చరిత్ర తెరిచాను, పాత కూర్పు మీద నొక్కాను. దోసె అక్కడే ఉంది. వెనక నుంచి ఎవరో “పోలేదు సార్!” అని అరిచారు. నిజం చెప్పాలంటే ఆ ఎనిమిది వారాల్లో నేను నేర్పిన ముఖ్యమైన సంగతి ఆ రెండు మాటలే. మిగతాదంతా వాళ్లు అడిగి తెలుసుకున్నారు.

రెండో శనివారం ఖాతాల పని. ఐపీ పరిమితి ఎత్తేయించి పెట్టుకున్నాం, ఈమెయిలు ఇవ్వకుండా ఎవర్నీ ముందుకు కదలనివ్వలేదు, పేర్లు నేను చూశాకే నొక్కారు. టైపింగుకి పెద్దగా ఇబ్బంది లేదు. ల్యాబు కంప్యూటర్లలో తెలుగు కీబోర్డు లేకపోయినా, వికీపీడియా పెట్టెలోనే కీబోర్డు బొమ్మ నొక్కి లిప్యంతరీకరణ (ఇంగ్లీషు అక్షరాలు కొడితే తెలుగు వచ్చే పద్ధతి) పెట్టుకోవచ్చు. కంట్రోల్ ఎమ్ నొక్కితే తెలుగు, మళ్లీ నొక్కితే ఇంగ్లీషు. ఫోన్లో వాళ్లు నాకన్నా వేగం.

ప్రభ

ఒక విద్యార్థిని పని గురించి వివరంగా చెబుతాను. ఆ అమ్మాయిది నరసరావుపేట దగ్గరి ఊరు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు చుట్టుపక్కల ఊళ్ల నుంచి ప్రభలు కట్టుకొస్తారు. ఆకాశాన్నంటే కర్రల నిర్మాణం, దాని నిండా కరెంటు బల్బులు, దేవుళ్ల బొమ్మలు, ఈ మధ్య నాయకులూ హీరోల ఫ్లెక్సీలు కూడా. ఊరి పరువంతా దాని మీదే ఉంటుంది. ఊరి వ్యాసంలో మురుగు కాలవ ఉంది, ప్రభ లేదు. ఆమెకు అదే బాధ.

ఆమె మంగళవారం రాత్రి ఇంట్లో కూర్చుని రాసేసింది: “మా గ్రామ ప్రభ చుట్టుపక్కల ప్రభలన్నిటికన్నా ఎత్తైనది. చూడడానికి రెండు కళ్లూ చాలవు.” బుధవారం పొద్దున్నే ఒక అనుభవజ్ఞుడైన వాడుకరి రద్దు చేశారు. సారాంశంలో “మూలం లేదు” అని మాత్రమే రాశారు. జూలైలో ఇదే జరిగి ఉంటే ఆమె మళ్లీ కనబడేది కాదు. శనివారం వచ్చీ రాగానే ఫోన్లో చరిత్ర పేజీ తెరిచి పట్టుకుని, “నాది రద్దు చేశారు సార్, ఇదిగో” అంది, రైలు టికెట్టు వెయిటింగ్ లిస్టులో ఉందని చూపించినంత మామూలుగా. అంతకన్నా ముచ్చటైన సంగతి, ఆయన చర్చా పేజీలో అప్పటికే “ఎందుకు తీసేశారండీ?” అని రాసింది. ఆయన రెండు వాక్యాల్లో జవాబిచ్చారు: ఎత్తైనదని ఎక్కడైనా రాసి ఉంటే ఆ మూలం ఇవ్వండి, ‘మా’ అనే మాట విజ్ఞాన సర్వస్వంలో కుదరదు.

“‘మా’ అంటే ఎందుకు కుదరదు సార్?”

“రేపు నేనూ అదే పేజీలో రాస్తానమ్మా. అప్పుడది ఎవరి ఊరు?”

ఆలోచించి ‘మా’ కొట్టేసింది. రెండు కళ్ల వాక్యం ఆమే తీసేసింది, నేను అడగలేదు. ఎత్తు దగ్గర మాత్రం పట్టుబట్టింది. “ఎవరు చెప్పారు?” అంటే “అందరికీ తెలుసు సార్” అంది. వెనక బెంచీలో ఇంకో ఊరి అబ్బాయి, “మాకు తెలీదే” అన్నాడు. వాళ్ల ఊరికీ ప్రభ ఉంది మరి.

నరసరావుపేటలో గ్రంథాలయానికి వెళ్లి పాత పత్రికల కట్టలు తిరగేసింది. శివరాత్రి మర్నాటి జిల్లా పేజీలో ఏయే ఊళ్ల ప్రభలు వచ్చాయో వార్త దొరికింది. ఎత్తుల సంగతి అందులో లేదు, ఊరి పేరు ఉంది. చివరికి వ్యాసంలో నిలిచిన వాక్యం ఇది: “ఏటా మహాశివరాత్రికి ఈ గ్రామం నుంచి కోటప్పకొండ తిరునాళ్లకు విద్యుత్ ప్రభను తీసుకువెళ్తారు.” దాని పక్కన పత్రిక పేరు, తేదీ, పేజీ నంబరు. పది మాటలకు రెండు వారాలు పట్టింది. “ఇంతేనా సార్?” అంది. ఇంతే. కానీ దీన్ని ఎవరూ రద్దు చెయ్యలేదు.

మూలాల వేట

అసలు పాఠం అక్కడ మొదలైంది. మిగతావాళ్లు కూడా మూలాల కోసం బయల్దేరారు, వాళ్లతో పాటు నేనూ నేర్చుకున్నాను. జిల్లా వార్తల లింకులు ఏడాది తిరిగేసరికి చచ్చిపోతాయి. అందుకని లింకు ఇచ్చిన రోజే వేబ్యాక్ మెషీన్లో (వెబ్ పేజీల నకళ్లు దాచే సైటులో) దాని నకలు భద్రపరచడం అలవాటు చేశాం. కొత్త వాడుకరి బయటి లింకు ఇస్తే క్యాప్చా (మనిషేనని రుజువు చేసుకోవడానికి కొట్టాల్సిన అక్షరాలు) అడుగుతుంది. “సార్, ఇంగ్లీషులో ఏదో అడుగుతోంది” అని మొదట్లో ఖంగారుపడ్డారు.

చరిత్ర విభాగం రాయాలన్నవాళ్లకు 1883లో గార్డన్ మెకంజీ రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ చూపించాను. పల్నాటి పిల్లలకు కృష్ణా జిల్లా పుస్తకమెందుకని అడిగారు. పాత గుంటూరు జిల్లాను 1859లో కృష్ణా జిల్లాలో కలిపేశారు, మళ్లీ గుంటూరు జిల్లా 1904లో గానీ ఏర్పడలేదు. ఆ మధ్యకాలంలో ఈ పల్నాడంతా కృష్ణా జిల్లాలోదే. వాళ్ల నాన్నలు గుంటూరు జిల్లా అనేవాళ్లు, వీళ్లు పల్నాడు జిల్లా అంటారు, ముత్తాతలకు ముందువాళ్లు కృష్ణా జిల్లా అని ఉంటారు. ఇది చెబితే కొందరి కళ్లు మెరిశాయి. ఇంకో మెకంజీ, కాలిన్ మెకంజీ సేకరింపజేసిన కైఫీయతుల్లో (ఊళ్ల చరిత్ర రికార్డుల్లో) తమ ఊరు దొరికిన అబ్బాయి ఎగిరి గంతేశాడు. కానీ కైఫీయతులో ఊరి కరణాలు చెప్పిన కథలూ ఉంటాయి, రాజుల లెక్కలూ ఉంటాయి. అందుకని “కైఫీయతు ప్రకారం” అన్న మాట పెట్టకుండా రాయొద్దన్నాను.

గుడి ముందు శాసనం చదివి రాస్తానన్నాడు ఇంకొకడు. ఫోటో తీసి కామన్స్‌లో (వికీపీడియా ఫోటోల భాండారంలో) పెట్టొచ్చు గానీ, సొంతంగా చదివి అర్థం చెబితే అది సొంత పరిశోధన అవుతుంది, వికీపీడియాలో అది కుదరదు. సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ పదో సంపుటం నిండా తెలుగు శాసనాలే, అందులో ఉందేమో వెతకమన్నాను. దొరకలేదు. వాడికి అది నచ్చలేదు. నాకూ పెద్దగా నచ్చలేదనుకోండి. ఎదురుగా రాయి కనబడుతుంటే పుస్తకంలో లేదు కాబట్టి రాయకూడదనడం మన ఊళ్లకు ఎంత అన్యాయమో తెవికీలో అందరికీ తెలుసు. అయినా ఆ గీత చెరిపితే రేపు ప్రతి ఊరికీ ఒక చక్రవర్తి పుట్టుకొస్తాడు.

‘గారు’ గొడవ

ఇది ఏ ఇంగ్లీషు మాన్యువల్లోనూ ఉండదు. తెవికీలో జీవిత చరిత్రల్లో శ్రీ, గారు, డాక్టర్ లాంటివి పెట్టం, ‘ఆయన అన్నారు’ అనకుండా ‘అతను అన్నాడు’ అని రాస్తాం. కన్నెగంటి హనుమంతు వ్యాసం దగ్గర దీని మీద ల్యాబులో చిన్న యుద్ధమే జరిగింది. పల్నాడులో పుల్లరి కట్టబోమని నిలబడి 1922లో పోలీసు కాల్పుల్లో చనిపోయిన మనిషి. అక్కడి పిల్లలకు ఇంట్లో మనిషి కింద లెక్క. “హనుమంతుని పట్టుకుని ‘అతను చనిపోయాడు’ అంటారా సార్? ‘అమరులయ్యారు’ అని మారుస్తాను” అంటూ లేచాడొకడు.

నేను రూలు చెప్పలేదు. గాంధీ వ్యాసం తెరిపించాను, అక్కడా అతనే. వాడికి నచ్చని ఒక నాయకుడి పేజీ వాణ్నే తెరవమన్నాను. “ఈయనకి గారు పెడదామా?” అన్నాను. వద్దన్నాడు. “ఎవరికి పెట్టాలో ఎవరు తేలుస్తారు?” వాడు కాసేపు గొణుక్కుని కూర్చున్నాడు. పూర్తిగా ఒప్పుకోలేదు. తన ఫోన్‌లో వాట్సాప్ స్టేటస్‌గా “కన్నెగంటి హనుమంతు గారు అమరులు” అని పెట్టుకుని, వ్యాసంలో మాత్రం పుల్లరి అంటే ఏమిటో తెలియనివాళ్ల కోసం మూలంతో ఒక వాక్యం చేర్చాడు. అడవిలో పశువులు మేపుకున్నందుకు కట్టించుకునే పన్ను. ఆ వ్యాసం చదివే పల్నాడు బయటివాళ్లకు ఏ ‘గారు’ కన్నా అదే ఎక్కువ ఉపయోగం.

అనుకోని విద్యార్థి

మూడో వారం నుంచి ఒక పెద్దాయన రావడం మొదలుపెట్టారు. కాలేజీ ఎదురుగా ముప్ఫై ఏళ్లుగా డీటీపీ సెంటర్ నడుపుతున్నారు, పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు అన్నీ ఆయనవే. ఆయన టైపింగు చూస్తే మెషీన్ గన్నే. ఇంట్లో రెండు పేజీలు కొట్టుకొచ్చి పెట్టెలో అతికిస్తే ఇంగ్లీషు అక్షరాలూ విచిత్రమైన గుర్తులూ కలగాపులగంగా వచ్చాయి. అను ఫాంట్లలో కొట్టారు మరి. అది కాగితం మీద తెలుగు, లోపల తెలుగు కాదు. ఆయన ముఖం చిన్నబోయింది. “ముప్ఫై ఏళ్లు కొట్టింది తెలుగు కాదంటావేంటి బాబూ?” అన్నారు. యూనికోడుకి మార్చే సాధనం చూపించాను. మార్చాక అక్కడక్కడా వత్తులు తారుమారవుతాయి, అవి ఆయన కన్ను దాటి పోవు.

పిల్లలు సున్న (ం) బదులు అంకె సున్నా (0) కొట్టినా, విసర్గ బదులు కోలన్ పెట్టినా ఆయనే పట్టేవారు. ఇప్పటికీ తెవికీలో అక్షరదోషాల శుద్ధి ఆయన చేస్తున్నంత మాలో ఎవరూ చెయ్యరు. ‘కొత్తవాళ్లు’ అనగానే మనం డిగ్రీ పిల్లల కోసమే చూస్తాం. ఒకసారి కాలేజీ ఎదురుగా కూడా చూడాలని నాకు ఆయన వల్లే తెలిసింది.

కాపీ, చాట్‌బాట్, వాట్సాప్ ఫోటో

కాపీ మానిపించడానికి పనిచేసిన పద్ధతి ఒక్కటే: మూలం చదువు, మూసెయ్, గుర్తున్నది నీ మాటల్లో రాయి, మళ్లీ తెరిచి అంకెలు సరిచూసుకో. కాపీరైటు గురించి ఎంత ఉపన్యసించినా రాని ఫలితం దీనితో వచ్చింది.

ఆరో వారం ఒకబ్బాయి తన ఊరి చరిత్ర గడగడా రాసుకొచ్చాడు. రెడ్డిరాజులు కట్టిన బురుజు, దాని కింద సొరంగం, నాలుగు మూలాలు. భాష మరీ నున్నగా ఉంది. “మూలాల్లో మొదటిది తెరువు” అన్నాను. ఆ పుస్తకం ఎక్కడా లేదు. రెండోదీ లేదు. చాట్‌బాట్‌ని అడిగాడు, అది కల్పించి ఇచ్చింది. వాణ్ని తిట్టలేదు. “మీ ఊళ్లో బురుజు ఉందా?” అన్నాను. “లేదు సార్.” “మరి రాసేటప్పుడు అనుమానం రాలేదా?” “ఇంత వివరంగా చెప్పింది కదా, ఒకప్పుడు ఉండేదేమో అనుకున్నా సార్.” క్లాసులో అందరూ నవ్వారు గానీ, దాన్ని నేను నవ్వుకునే సంగతిగా చూడను. మళ్లీ ఎప్పుడైనా విడత నడిపితే మూడో వారంలోనే దీనికో గంట కేటాయిస్తాను.

ఫోటోల దగ్గర చెప్పాల్సింది ఒక్క ముక్క. వాట్సాప్‌లో వచ్చిన ఫోటో కామన్స్‌లోకి ఎక్కించొద్దు. వాట్సాప్ దాన్ని కుదించి, ఏ కెమెరాతో ఎప్పుడు తీశారన్న వివరాలు తీసేస్తుంది, ఎవరు తీశారో మనకూ తెలియదు. నీ ఫోన్‌తో తీసింది నేరుగా ఎక్కించు. మన దేశంలో బహిరంగ స్థలంలోని కట్టడాలకూ విగ్రహాలకూ ఫోటో తీసి పెట్టుకోవచ్చు, గోడ మీది పెయింటింగుకీ ఫ్లెక్సీకీ ఆ వెసులుబాటు లేదు. ప్రభ నిండా ఫ్లెక్సీలే కదా సార్ అంటే, ప్రభ మొత్తం కనబడేలా దూరం నుంచి తియ్యమన్నాను.

ఏం మిగిలింది

19 మందిలో ఎనిమిదో శనివారం దాకా వచ్చినవాళ్లు 14. క్లాసులు అయిపోయిన నెలకి సొంతంగా దిద్దుబాటు చేసినవాళ్లు ఏడుగురు. సెమిస్టరు పరీక్షలు వచ్చేసరికి ముగ్గురయ్యారు, పెద్దాయనతో కలిపితే నలుగురు. వాళ్లు ఇప్పటికీ ఉన్నారు. మొత్తం చేర్చిన బైట్లు మొదటి విడతలో ఒక్క మధ్యాహ్నం కొట్టినదానిలో సగం కూడా లేవు. కాలేజీకి ఇచ్చే రిపోర్టులో ఇది రాయడానికి మేడం ఇబ్బంది పడ్డారు, నేనూ పడ్డాను. అంకెలు అడిగే చోట ఇలాంటి పని బాగా కనబడదు.

నేను ఇంకా సరిచేసుకోలేనివి ఉన్నాయి. ఊరికి ఎనిమిది వారాలు తిరగడం ఉద్యోగం చేసేవాళ్లకు కుదరదు, నాకే ఈ ఒక్క కాలేజీతో సరిపోయింది. తెవికీ వైపున కూడా, మూసలు అతికించే అలవాటు ఒక రచ్చబండ పోస్టుతో మారలేదు. “ఉత్తరం రాయలేం” అన్న ఆయన్ని తర్వాత ఒకసారి కలిశాను. ఆ ప్రభ అమ్మాయికి రెండు వాక్యాలు రాసింది ఆయనేనని అప్పుడు తెలిసింది. “అడిగింది కదా, అందుకే రాశాను” అన్నారు. అడగడం ఆమెకు తెలుసు కాబట్టి రాశారు. ఇకమీదట ఎక్కడ నేర్పినా మొదటి రోజే అడగడం కూడా నేర్పుతాను: ఎవరి చర్చా పేజీ, ఎక్కడ నొక్కాలి, కింద సంతకం ఎలా పెట్టాలి. రద్దు చేసినవాళ్లలో ఎక్కువమంది అడిగితే చెబుతారు.

ప్రభ ఎత్తు సంగతి మిగిలింది. ఏడో వారంలో ఆ అమ్మాయి తన ఊరి పేజీలో 90 అడుగులని చేర్చింది. సాయంత్రానికి వెనక బెంచీ అబ్బాయి వాళ్ల ఊరి పేజీలో 100 అడుగులు పెట్టాడు. ఇద్దరివీ రద్దయ్యాయి. ఇద్దరూ చర్చా పేజీలకెక్కి పోట్లాడుకుని, ఎత్తు వేసిన పత్రిక దొరికేదాకా ఎవరూ రాయకూడదని రాజీపడ్డారు. తర్వాతి శివరాత్రి మర్నాడు పొద్దున్నే ఇద్దరూ పేపర్లు కొన్నారు. ఎత్తు వేశారు. రెండు పత్రికలు, ఒకే ప్రభకి రెండు ఎత్తులు.